పల్లె పేరు, పట్నం సొమ్ము: ఉపగ్రహ ఇంటర్నెట్ వ్యాపార చరిత్ర

1975 ఆగస్టు 1న మన దేశంలో ఒక ఏడాది ముచ్చట మొదలైంది. నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని తూర్పు ఆఫ్రికా మీదికి జరిపి భారతదేశానికి ఎరువిచ్చింది. దాని సాయంతో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు టెలివిజన్ అందింది. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తెలుగు కార్యక్రమాలు హైదరాబాద్‌లో తయారయ్యేవి. ఊళ్లో నలుగురూ కూడే చోట ఒక టీవీ పెట్టె, పక్కన కోళ్లదొడ్డికి కట్టే వలతో చేసిన మూడు మీటర్ల డిష్: ఏర్పాటంతా అంతే. సాయంత్రమయ్యేసరికి ఊరు ఊరంతా దాని ముందు చేరేది. చూసినవాళ్లు పైసా కట్టలేదు. ఖర్చు ప్రభుత్వానిది, ఉపగ్రహం పరాయి దేశానిది. 1976 జూలై 31తో గడువు తీరింది, నాసా తన ఉపగ్రహాన్ని వెనక్కి తీసుకుపోయింది.

సైట్ అనే పేరుతో నడిచిన ఈ ప్రయోగంలో పల్లెకే మొదటి పీట దక్కింది. తర్వాతి యాభై ఏళ్లలో ఉపగ్రహ సమాచారం పెద్ద వ్యాపారమైంది. టెలివిజన్ నుంచి డేటాకు, డేటా నుంచి ఇంటింటి ఇంటర్నెట్‌కు పాకింది. అనుమతి అడిగిన ప్రతిచోటా, పెట్టుబడి వెతికిన ప్రతిసారీ ముందు చెప్పింది పల్లె పేరే. బిల్లు కట్టినవాళ్లు మాత్రం ఎక్కువగా వేరు: బ్యాంకులు, షేర్ బ్రోకర్లు, విహార నౌకలు, విమానాలు, సైన్యాలు. ఈ వ్యాపారం ఎక్కడ నిలిచింది, ఎక్కడ కూలింది అన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఈ తేడాలోనే దొరుకుతుంది.

భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం నేల మీంచి చూసేవాడికి కదలకుండా ఒకేచోట ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ కక్ష్యలో మూడు ఉపగ్రహాలుంటే ప్రపంచమంతటికీ రేడియో సంకేతాలు అందించవచ్చని ఆర్థర్ సి. క్లార్క్ 1945లోనే రాశాడు. ఇరవై ఏళ్లకు, 1965లో, ఎర్లీ బర్డ్ అనే ఉపగ్రహం 240 టెలిఫోన్ సర్క్యూట్లతో అట్లాంటిక్ మీద వ్యాపారం ప్రారంభించింది. ఆకాశంలో ఉన్న యంత్రం బలహీనం కాబట్టి నేల మీద డిష్ బ్రహ్మాండంగా ఉండాలి. 1971లో పుణె దగ్గర ఆర్విలో మన దేశం కట్టుకున్న భూకేంద్రం డిష్ వెడల్పు దాదాపు ముప్పై మీటర్లు. అలాంటిది ప్రభుత్వాలు తప్ప ఎవరు కట్టగలరు? కాబట్టి ఈ రంగం ప్రభుత్వ గుత్తాధిపత్యం కిందే చాలాకాలం గడిపింది.

డిష్ చిన్నదయ్యాకే అసలు వ్యాపారం మొదలైంది. 1980ల్లో ఉపగ్రహాల శక్తి పెరిగింది, చిప్‌ల ధర తగ్గింది. ఇంటి కప్పు మీద పట్టే మీటరు, రెండు మీటర్ల డిష్‌తో డేటా పంపుకోవడం సాధ్యమైంది. దాన్నే వీశాట్ అన్నారు. అమెరికాలో ఈ పరికరానికి పేరు తెచ్చిన వినియోగదారు వాల్‌మార్ట్. చిన్న ఊళ్లలో దుకాణాలు పెట్టి పెరిగిన ఆ కంపెనీ 1987లో తన దుకాణాలన్నిటినీ ఉపగ్రహంతో కలిపింది. ఆ నెట్‌వర్క్ సరఫరా చేసిన హ్యూస్ పేరు ఈ కథలో మళ్లీ మళ్లీ వస్తుంది. గమనించాల్సిన సంగతి, ఇక్కడ డిష్‌లు నిలిచింది చిన్న ఊళ్లలోనే, సొమ్ము వచ్చింది మాత్రం కంపెనీ కేంద్ర కార్యాలయం ఖజానా నుంచి.

మన దేశంలో ఈ మలుపు ఇంకా ఆసక్తికరంగా జరిగింది. 1980ల చివర నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ జిల్లా కేంద్రాలను చిన్న డిష్‌లతో ఢిల్లీకి కలపడం ప్రారంభించింది. అది ప్రభుత్వ పని. ప్రైవేటు సొమ్ము రావడానికి ఒక కుంభకోణం కావలసి వచ్చింది. 1992లో హర్షద్ మెహతా వ్యవహారం బయటపడ్డాక బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి పాత బ్రోకర్ల గుప్పిట్లో ఉందన్న విమర్శ బలపడింది. పోటీగా పుట్టిన నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజికి అరుపులు, చేతి సైగలు నడిచే హాలు లేదు. దేశమంతటా ఉన్న బ్రోకర్ల కంప్యూటర్లే దాని హాలు. వాటిని కలపడానికి టెలిఫోన్ శాఖ లీజు లైన్లను నమ్ముకుంటే పని జరగదని నిర్వాహకులు గ్రహించి వీశాట్‌ను ఎంచుకున్నారు. 1994 నవంబర్ 3న షేర్ల వ్యాపారం మొదలైంది. ఏడాది తిరిగేసరికి టర్నోవర్‌లో ఎన్‌ఎస్‌ఈ బొంబాయి ఎక్స్ఛేంజిని దాటేసింది.

ఆ రోజుల్లో విజయవాడ, గుంటూరు లాంటి ఊళ్లలో బ్రోకర్ ఆఫీసు డాబా మీద తెల్ల డిష్ కనిపిస్తే అది కొత్త హోదాకు గుర్తు. ముంబైలో ధర ఎంతుందో గుంటూరులోనూ ఆ క్షణానే తెలిసింది. ఈ సమానత్వం కొందరికి చేటు కూడా చేసింది. 1943 నాటి హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజి లాంటి ప్రాంతీయ సంస్థలు బతికింది ముంబైకి, తమ ఊరికి మధ్య ఉన్న దూరం మీదే. ఆ దూరం పోయాక వాటి వ్యాపారం కరిగిపోయింది. హైదరాబాద్ ఎక్స్ఛేంజి గుర్తింపు 2007లో రద్దయింది. ఉపగ్రహం దానికి ఏకైక కారణం కాదు గానీ, మొదటి దెబ్బ మాత్రం ఆకాశం నుంచే పడిందని నా అభిప్రాయం.

1990ల నడుమ హ్యూస్ ఎస్కార్ట్స్, కామ్‌శాట్ మ్యాక్స్, హెచ్‌సీఎల్ కామ్‌నెట్ లాంటి కంపెనీలు ఈ సేవను అమ్మకానికి పెట్టాయి. బ్యాంకు శాఖలు, ఏటీఎంలు, పెట్రోలు బంకులు కొనుక్కున్నాయి. పల్లెకు నేరుగా చేరిన ఘట్టమూ ఒకటుంది. 2000లో ఐటీసీ కంపెనీ ఈ-చౌపాల్ అనే పథకం మొదలుపెట్టి, రైతు ఇంట్లో కంప్యూటర్ పెట్టి, ఫోను లైను పనికిరాని చోట్ల వీశాట్ బిగించింది. మధ్యప్రదేశ్‌లో సోయాకు, కోస్తా ఆంధ్రలో రొయ్యలకు అది నడిచింది. రైతు ధర చూసుకున్నాడు. ఖర్చు పెట్టుకున్న ఐటీసీ మండీ దళారీ లేకుండా సరుకు కొనుక్కుంది. పల్లెలో డిష్ నిలబడాలంటే దాని వెనుక ఒక పెద్ద కొనుగోలుదారు ఉండాలన్న సూత్రం ఇక్కడా తప్పలేదు.

ఇదే దశకంలో అమెరికాలో కలలు మరో ఎత్తుకు, నిజానికి తక్కువ ఎత్తుకు, వెళ్లాయి. 36 వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఉపగ్రహానికి మాట వెళ్లి కిందికి రావడానికి పావు సెకను పడుతుంది. అడిగిన దానికి జవాబు రావాలంటే అర సెకను దాటుతుంది. భూమికి దగ్గరగా తిరిగే ఉపగ్రహాలతో ఈ ఆలస్యం పోతుంది. అయితే అవి ఒకచోట నిలవవు, కనుక పదులు, వందలు కావాలి. మోటరోలా 66 ఉపగ్రహాలతో ఇరిడియం ఫోను వ్యవస్థను కట్టింది. ఖర్చు 500 కోట్ల డాలర్లు దాటింది. 1998 నవంబర్ 1న సేవలు మొదలయ్యాయి. ఇటుక లాంటి ఫోను, వేల డాలర్ల ధర, నిమిషానికి డాలర్లలో చార్జీ. కట్టడానికి పట్టిన పదేళ్లలో సెల్ టవర్లు ఊరూరా లేచాయి. ఏ వ్యాపారి కోసం ఆ ఫోను తయారైందో అతను దిగే ప్రతి నగరంలో మామూలు సెల్‌ఫోనే పలుకుతోంది. 1999 ఆగస్టులో ఇరిడియం దివాలా తీసింది.

ఆ దివాలాలో మన సొమ్ము కూడా ఉంది. ఇరిడియం ఇండియా టెలికాం పేరుతో మన ఆర్థిక సంస్థలు సుమారు 7 కోట్ల డాలర్లు పెట్టాయి. పుణె దగ్గర దిఘిలో గేట్‌వే కేంద్రం కూడా వెలిసింది. తప్పుడు అంచనాలు చూపి పెట్టుబడి రాబట్టారని ఆ కంపెనీ మోటరోలా మీద క్రిమినల్ ఫిర్యాదు చేసింది. మనసు లేని కంపెనీకి నేరపు ఉద్దేశం అంటగట్టవచ్చా అన్న చిక్కు ప్రశ్న సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. అంటగట్టవచ్చని 2010లో కోర్టు చెప్పింది. ఉపగ్రహ వ్యాపారం మన న్యాయశాస్త్రానికి చేసిన సేవ అనుకోవాలి.

ఇరిడియం ఉపగ్రహాలను కక్ష్య నుంచి దించి కాల్చేద్దామన్న ఆలోచన కూడా నడిచింది. 2000 డిసెంబరులో డాన్ కొలుస్సీ బృందం మొత్తం వ్యవస్థను 2.5 కోట్ల డాలర్లకు, అంటే కట్టిన ఖర్చులో నూటికి అర వంతుకు, కొనేసింది. అమెరికా రక్షణ శాఖ కాంట్రాక్టు తోడయింది. అప్పటినుంచి ఇరిడియం బతికే ఉంది. మొదటి యజమాని పెట్టుబడి బూడిదయ్యాక, రెండో యజమాని చవగ్గా కొని లాభపడడం ఈ రంగపు ఆనవాయితీ అయింది.

బిల్ గేట్స్, క్రెయిగ్ మెకా పెట్టుబడితో నడిచిన టెలిడెసిక్‌ది ఇంకా పెద్ద ఊహ. 1994లో 840 ఉపగ్రహాలు, 900 కోట్ల డాలర్లు అన్నారు. నేలమీద మారుమూలలకు కూడా నగరంతో సమానమైన ఇంటర్నెట్ ఇస్తామన్నారు. 1997 నాటికి ఉపగ్రహాల సంఖ్య 288కి తగ్గింది. సౌదీ యువరాజు అల్వలీద్ 20 కోట్ల డాలర్లు పెట్టాడు. 1998లో ఒక్క ప్రయోగాత్మక ఉపగ్రహం పైకి వెళ్లింది. 2002లో పని ఆపేశారు. టెలిడెసిక్ ఆలోచన సరైనదే. ఆనాటి రాకెట్టు ధరకు, ఉపగ్రహాన్ని ఒక్కొక్కటిగా చేతితో కట్టే పద్ధతికి అది పొసగలేదు.

ఈ గొడవకు దూరంగా పాత కక్ష్యలోనే ఉండి నిజమైన పల్లె కొనుగోలుదారుణ్ణి వెతుక్కున్నవాళ్లు హ్యూస్, వయాశాట్. నేను చెబుతున్న సూత్రానికి వీళ్లు మినహాయింపు, అందుకే కొంచెం ఆగి చూడాలి. హ్యూస్ 1996లో డైరెక్‌పీసీ తెచ్చింది. దించుకునేది ఉపగ్రహం నుంచి, పైకి పంపేది టెలిఫోను మోడెం ద్వారా. తర్వాత రెండు దారులూ ఆకాశం నుంచే నడిచాయి. పొలాల మధ్య ఒంటరి ఇళ్లుండే అమెరికా గ్రామసీమలో కేబుల్ వేసే నాథుడు లేడు. అక్కడి గృహస్థుకు మాత్రం నెలకు అరవై, ఎనభై డాలర్లు కట్టే స్తోమత ఉంది. పల్లె కూడా, జేబులో డబ్బు కూడా ఒకేచోట ఉన్న అరుదైన మార్కెట్ అది.

1986లో మార్క్ డాంక్‌బర్గ్ మరో ఇద్దరితో కలిసి మొదలుపెట్టిన వయాశాట్ ఈ మార్కెట్‌ను లెక్కగా చూసింది. దేశమంతటినీ ఒకే కిరణంతో కప్పే బదులు, చిన్న చిన్న ప్రాంతాలకు వేరు వేరు కిరణాలు పంపితే అదే తరంగాలను మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. 2009 చివర వైల్డ్‌బ్లూ అనే ఉపగ్రహ ఇంటర్నెట్ సంస్థను 56.8 కోట్ల డాలర్లకు కొని, 2011 అక్టోబరులో వయాశాట్-1ను ప్రయోగించింది. దాని సామర్థ్యం సెకనుకు 140 గిగాబిట్లు, అప్పటికి ప్రపంచ రికార్డు. ఏడాదిలోపే హ్యూస్ తన జూపిటర్-1తో బదులిచ్చింది. 2020 చివరికి హ్యూస్ ఖాతాదారులు 15 లక్షలు దాటారు. అయినా అర సెకను ఆలస్యం అలాగే ఉంది. నెలలో సగం గడిచాక డేటా పరిమితి అయిపోయి వేగం పడిపోయేది. వాళ్లు కొన్నది ఇష్టంతో కాదు, గత్యంతరం లేక. అలాంటి ఖాతాదారు కొత్త దారి కనబడగానే వెళ్లిపోతాడన్న ఎరుక ఈ కంపెనీలకు ఆలస్యంగా కలిగింది.

కొత్త దారికి మొదట కొబ్బరికాయ కొట్టింది గ్రెగ్ వైలర్. 2007లో ఇంటర్నెట్ లేని 300 కోట్ల మంది పేరిట ఓ3బీ అనే సంస్థ పెట్టాడు. 8 వేల కిలోమీటర్ల ఎత్తులో దాని ఉపగ్రహాలు 2013 నుంచి పైకి వెళ్లాయి. కుక్ దీవుల లాంటి చోట్ల అది నిజంగానే ఉపయోగపడింది. కానీ ఘనంగా చెల్లించిన ఖాతాదారుల్లో ముందువరుసలో ఉన్నవి రాయల్ కరీబియన్ విహార నౌకలు. పేదల పేరున పుట్టిన వేగం నడిసముద్రంలో సెలవులు గడిపేవారికి చేరింది. దీన్ని మోసం అనలేం. వైలర్ ఉద్దేశం నిజమే కావచ్చు, ఉపగ్రహం అప్పు తీర్చాల్సింది మాత్రం నెలనెలా.

వైలర్ తర్వాతి ప్రయత్నం వన్‌వెబ్. 1,200 కిలోమీటర్ల ఎత్తు, 648 ఉపగ్రహాల పథకం, ప్రపంచంలోని ప్రతి బడికీ ఇంటర్నెట్ అన్న ప్రకటన. ఎయిర్‌బస్‌తో కలిసి ఉపగ్రహాలను కార్ల మాదిరి వరుసగా తయారుచేసే కర్మాగారం కట్టారు. 2016 చివర సాఫ్ట్‌బ్యాంక్ 100 కోట్ల డాలర్లు పెట్టింది. 74 ఉపగ్రహాలు ఎగిరాక, 2020 మార్చిలో, కోవిడ్ మార్కెట్లను కుదిపిన వారాల్లో, సాఫ్ట్‌బ్యాంక్ ఇక పెట్టనంది. వన్‌వెబ్ దివాలా తీసింది. ఇరిడియం ఆనవాయితీ ఇక్కడ మళ్లీ పనిచేసింది. సునీల్ మిత్తల్ భారతీ గ్రూపు, బ్రిటన్ ప్రభుత్వం చెరి 50 కోట్ల డాలర్లు పెట్టి దాన్ని కొన్నాయి. యూరప్ దిశానిర్దేశక వ్యవస్థ నుంచి బయటపడ్డ బ్రిటన్, ఆ పనికి రాని ఉపగ్రహాలను కొన్నదని లండన్ పత్రికలు ఎద్దేవా చేశాయి. మిత్తల్ లెక్క వేరు. టెలికాంలో ఎవరో పునాదులు పోసి వదిలేసిన ఇల్లు చవగ్గా వస్తే, దాని విలువ తెలిసిన మనిషి అతను.

2022 మార్చిలో ఆ ఇల్లు మళ్లీ ఊగింది. 36 ఉపగ్రహాలతో వెళ్లాల్సిన రష్యా రాకెట్టు బైకనూర్‌లో సిద్ధమవుతున్న వేళ, ఫిబ్రవరి చివర్లోనే ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది. బ్రిటన్ తన వాటా వదులుకోవాలని, ఉపగ్రహాలను సైన్యానికి వాడబోమని హామీ ఇవ్వాలని రష్యా షరతు పెట్టింది. రాకెట్టు మీదున్న అమెరికా, బ్రిటన్, జపాన్ జెండాలను కార్మికులు కప్పేశారు, మన జెండాను ఉంచారు. వన్‌వెబ్ ప్రయోగం మానుకుంది. ఆ ఉపగ్రహాలు అక్కడే చిక్కుబడ్డాయి. కంపెనీ అప్పుడు రెండు తలుపులు తట్టింది: పోటీదారైన స్పేస్‌ఎక్స్, మన ఇస్రో వాణిజ్య విభాగం ఎన్‌ఎస్‌ఐఎల్. అలా 2022 అక్టోబరు 23 అర్ధరాత్రి దాటాక శ్రీహరికోట నుంచి ఎల్‌వీఎం3 రాకెట్టు 36 వన్‌వెబ్ ఉపగ్రహాలను, దాదాపు 5.8 టన్నుల బరువును మోసుకెళ్లింది. అంత బరువును ఇస్రో అంతకుముందు ఎత్తలేదు. 2023 మార్చి 26న మరో 36 వెళ్లాయి. దాంతో వన్‌వెబ్ మొదటి తరం సమూహం ప్రపంచాన్ని కప్పేంత అయింది. 72 ఉపగ్రహాల ఒప్పందం విలువ వెయ్యి కోట్ల రూపాయల పైమాట. అదే ఏడాది సెప్టెంబరులో వన్‌వెబ్ ఫ్రెంచి సంస్థ యూటెల్‌శాట్‌లో విలీనమైంది. బడుల మాట క్రమంగా వెనక్కి తగ్గింది. ఇప్పుడది టెలికాం కంపెనీలకు, ప్రభుత్వాలకు, నౌకలకు, విమానాలకు టోకున అమ్మే వ్యాపారం.

చిల్లర వ్యాపారం ఎలన్ మస్క్ చేతికి పోయింది. అతని స్పేస్‌ఎక్స్ నడిపే స్టార్‌లింక్ ఎందుకు నిలిచిందంటే సాంకేతిక గొప్పతనం చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నా దృష్టిలో లెక్క అంతకన్నా మొరటు. 2015 డిసెంబరులో స్పేస్‌ఎక్స్ రాకెట్టు మొదటి దశను తిరిగి నేలకు దించింది, 2017లో వాడిన దశనే మళ్లీ ఎగరేసింది. సొంత రాకెట్టు, సొంత ఉపగ్రహం, సొంత డిష్. టెలిడెసిక్ దగ్గర ఈ మూడూ లేవు. 2019 మేలో ఒకేసారి 60 ఉపగ్రహాలు ఎగిరాయి. 550 కిలోమీటర్ల ఎత్తు వల్ల ఆలస్యం అర సెకను నుంచి దానిలో పదో వంతుకు దిగింది. 2020 అక్టోబరులో మొదటి ఖాతాదారులకు 499 డాలర్లకు అమ్మిన డిష్ తయారీకి మొదట్లో దాదాపు 3,000 డాలర్లు అయ్యేది. అంటే ప్రతి కొత్త ఖాతాదారుకూ కంపెనీ చేతి డబ్బు కట్టింది. ఆ నష్టాన్ని భరించే ఓపిక, అందుకు కావలసిన పెట్టుబడి మరెవరి దగ్గరా లేవు.

ఇక్కడా పల్లె పేరు మొదట పలికింది. గ్రామీణ ఇంటర్నెట్ కోసం అమెరికా ప్రభుత్వం కేటాయించిన నిధి నుంచి 2020 డిసెంబరులో స్టార్‌లింక్ 88.5 కోట్ల డాలర్లు గెలిచింది. చెప్పిన వేగం అందించగలదన్న నమ్మకం లేదని 2022లో నియంత్రణ సంస్థ ఆ సొమ్ము నిరాకరించింది. ఈలోగా కొనుగోలుదారులు వేరే దిక్కు నుంచి వచ్చారు. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన రోజే వయాశాట్ యూరప్ నెట్‌వర్క్ మీద సైబర్ దాడి జరిగి వేల మోడెములు పనికిరాకుండా పోయాయి. కొద్ది రోజుల్లో స్టార్‌లింక్ డిష్‌లు కీవ్ చేరాయి. అదే ఏడాది రాయల్ కరీబియన్ తన నౌకలకు స్టార్‌లింక్‌ను ఎంచుకుంది. 2022 డిసెంబరుకు 10 లక్షలున్న ఖాతాదారులు 2024 సెప్టెంబరుకు 40 లక్షలయ్యారు. హ్యూస్ ఖాతాదారులు 2024 చివరికి 9 లక్షల లోపుకు పడిపోయారు. గత్యంతరం దొరికింది మరి.

ఆఫ్రికా అనుభవం అన్నిటికన్నా ఎక్కువ బోధించేది. 2023లో నైజీరియాలో, కెన్యాలో సేవలు మొదలైనప్పుడు మారుమూల ఊళ్ల గురించే మాట్లాడుకున్నారు. 2024 చివరికి లాగోస్‌లో, నైరోబీలో సామర్థ్యం నిండిపోయి కొత్త ఖాతాలు ఆపేయాల్సి వచ్చింది. ఉపగ్రహం ఒక ప్రాంతానికి ఇచ్చే సామర్థ్యం ఇంత అని ఉంటుంది, జనం గుమిగూడిన చోట అది ముందు అయిపోతుంది. పల్లెల మీద అదే ఉపగ్రహం సగం ఖాళీగా సాగిపోతుంది. డిష్ ధర మోయగలవాళ్లు నగరంలో ఉండడమే కారణం.

మన దేశంలో స్టార్‌లింక్ 2021లోనే ముందస్తు బుకింగులు తీసుకుంది. లైసెన్సు లేదని ప్రభుత్వం నవంబరులో హెచ్చరించాక డబ్బు వాపసు చేసింది. అసలు తగాదా తరంగాల దగ్గర వచ్చింది. 2జీ కేసులో సుప్రీంకోర్టు 2012 తీర్పు తర్వాత స్పెక్ట్రం అంటే వేలమే అన్న భావన స్థిరపడింది. 2023 టెలికాం చట్టం ఉపగ్రహ స్పెక్ట్రానికి వేలం లేకుండా పాలనాపరమైన కేటాయింపును అనుమతించింది. వేలంలో లక్షల కోట్లు పోసిన జియో, ఎయిర్‌టెల్ సమాన బరి కావాలని పట్టుబట్టాయి. అవే రెండు సంస్థలు 2025 మార్చిలో ఒక్క రోజు తేడాతో స్టార్‌లింక్‌తో పంపిణీ ఒప్పందాలు ప్రకటించాయి. జూన్‌లో స్టార్‌లింక్‌కు లైసెన్సు వచ్చింది.

అదే ఏడాది మేలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సిఫారసు చేసిన రుసుము ఆదాయంలో 4 శాతం. దానికి తోడు, తక్కువ ఎత్తు ఉపగ్రహ సేవలు తీసుకునే ప్రతి పట్టణ ఖాతాదారు పేరిట ఏడాదికి 500 రూపాయలు. గ్రామీణ ఖాతాదారుకు ఆ అదనపు భారం లేదు. కొనేది ఎవరో నియంత్రణ సంస్థకు ముందే తెలుసునని ఈ ఒక్క నిబంధన చూస్తే అర్థమవుతుంది. పల్లెలే కొనుగోలుదారులని నిజంగా నమ్మితే పట్టణం మీద పన్ను ఆలోచన రాదు. జూలై చివర్లో ప్రభుత్వ టెలికాం సంస్థ బీఎస్‌ఎన్‌ఎల్ సమీక్షలో కేంద్ర సహాయమంత్రి, గుంటూరు ఎంపీ పెమ్మసాని చంద్రశేఖర్ ఇంకొక లెక్క చెప్పారు. స్టార్‌లింక్ మన దేశంలో ఇవ్వగలిగేది 20 లక్షల కనెక్షన్లు మాత్రమే. ముందు పెట్టాల్సిన ఖర్చు ఎక్కువ, నెలకు దాదాపు 3,000 రూపాయలు కట్టాలి. కనుక బీఎస్‌ఎన్‌ఎల్ బలంగా ఉన్న గ్రామీణ, మారుమూల ప్రాంతాలే ఈ సేవల లక్ష్యమైనా, టెలికాం సంస్థలకు దానివల్ల ఇబ్బంది ఉండదని ఆయన భరోసా ఇచ్చారు. నెలకు 3,000 పెట్టి 20 లక్షల కనెక్షన్లను కొనగల ఇళ్లు, రొయ్యల కంపెనీలు, రిసార్టులు, గనులు ఈ దేశంలో దొరకడం కష్టమేమీ కాదు. పాడేరు కొండల మీద గూడెంలో డిష్ పెట్టాలంటే మాత్రం బిల్లు ఇంకెవరో కట్టాలి.